తని వేళకు వేడి పకోడీలు

అడవి పెద్దదే. అంత పెద్ద అడవికీ సంగీత సభ మాత్రం ఒక్కటే ఉండేది. పేరు అఖిలారణ్య గానసభ. కొండచరియ కింద, వాన పడని చోట కచేరీలు జరిగేవి. అధ్యక్షుడు ఏనుగు. ఆయన ప్రతి కచేరీకీ తప్పకుండా వచ్చి, ముందు వరసలో కూర్చుని, శ్రుతి కలిసేలోపల నిద్రపోయేవాడు. సభను నడిపేదంతా కార్యదర్శి శేషావతారం అనే కొంగ. ఆయన ఒంటికాలి మీద నిలబడి ఆలోచించేవాడు. ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే అన్నీ ఇచ్చేసినట్టు మాట్లాడగలిగేవాడు.

మనుషులకు మృదంగం ఎలాగో అడవికి బోలు మొద్దు అలాగ. నాగలింగం అనే వడ్రంగిపిట్ట ఆ మొద్దు నేర్చుకున్నాడు. చిన్నప్పటినుంచీ గురువుగారి చెట్టు మీదే ఉండి, ముక్కు అరిగేలా సాధన చేశాడు. అతనికి ఉన్నది ఒకే ఒక్క కోరిక. తను వాయిస్తుంటే పదిమంది కూర్చుని వినాలి. విద్య ఉంటే బతుకుతెరువు దానంతటదే వస్తుందని గురువుగారు చెప్పారు. ఆయన తిండిలేక పోయింది ఆ తర్వాత.

నాగలింగం పెళ్ళాం సుభద్రను, ముగ్గురు పిల్లలను గూట్లో ఉంచి శేషావతారం దగ్గరికి వెళ్ళాడు.

"నీలకంఠంగారి కచేరీకి పక్కవాద్యం నువ్వే," అన్నాడు శేషావతారం వెంటనే.

"సంతోషమండీ. పారితోషికం..."

"మా సభలో వాయిస్తే నలుగురి చెవినా పడతావు నాయనా. అది చాలదూ?"

నాగలింగానికి కావలసింది కూడా సరిగ్గా నలుగురి చెవిన పడటమే. అందుకని సరేనన్నాడు.

నీలకంఠం అంటే నెమలి. అడవిలోకెల్లా పెద్ద గాయకుడు. ఆయన వచ్చి పింఛం విప్పి కూర్చోవడానికి పట్టే సేపు అందరూ కళ్ళప్పగించి చూసేవారు. ఆయన పాట గురించి మాత్రం ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. కచేరీ మధ్యలో ఒకచోట గాత్రం ఆగిపోతుంది, మొద్దు ఒక్కటే వాయిస్తారు. దాన్ని సంగీతం తెలిసినవాళ్ళు తని అంటారు. అడవిలో టిఫిన్ అంటారు.

ఆ సంగతి నాగలింగానికి ఎవరూ చెప్పలేదు. మొదటి కచేరీలో నీలకంఠం పాట ఆపి, మెడ తిప్పి "ఊ, కానివ్వు" అన్నాడు. నాగలింగం గురువుగారిని తలుచుకుని ముక్కు మొద్దుకు తాకించాడు. అంతే, సభ మొత్తం లేచింది. పులి వచ్చిందేమోనని నాగలింగం కూడా లేవబోయాడు. చూస్తే అందరూ వాగు దాటి, అవతల గట్టున పద్మనాభం క్యాంటీన్‌లోకి పోతున్నారు. లోపల మిగిలింది అధ్యక్షులవారు. ఆయన గురక పెడుతున్నారు.

నాగలింగం మొదటి కాలం నిదానంగా వాయించాడు, రెండో కాలం దానికి రెట్టింపు వేగంతో వాయించాడు, మూడో కాలంలో ముక్కు కనబడనంత వేగంగా వాయించాడు. ముగింపు మోగేసరికి జనం మూతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి చప్పట్లు కొట్టారు. నూనె చేతులతో కొట్టే చప్పట్లకు శబ్దం తక్కువ.

శేషావతారం శాలువా కప్పాడు.

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఇంట్లో శాలువాలు చాలా పోగయ్యాయి. సుభద్ర ఒకటి గూటికి తెర కట్టింది, పిల్లల కింద కొన్ని పరిచింది. మిగిలినవాటిని చూస్తూ, "ఇవి ఉడకవు కదండీ," అంది.

"మానేస్తాను సుభద్రా. చెట్లు కొట్టే పనికి పోతాను."

"తొందరపడకండి. మీ తని నేను వింటున్నాగా."

అది నిజం. ఇంట్లో సాధన చేసేటప్పుడు సుభద్ర పిల్లల నోట్లో మేత పెడుతూనే వినేది. "రెండో కాలంలో తొందరపడ్డారు," అనేది. ఆ తప్పు ఉన్నమాటే. ఆవిడ చెప్పాక సరిదిద్దుకునేవాడు.

ఆ మర్నాడే క్యాంటీన్ యజమాని పద్మనాభం స్వయంగా చెట్టు కిందికి వచ్చాడు. ఆయన ఎలుగుబంటి. సంగీతానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. చెవుల్లో బొచ్చు అడ్డమని ఆయనే చెప్పేవాడు.

"నాగలింగంగారూ, మీరు గొప్ప విద్వాంసులండీ," అన్నాడు.

నాగలింగం కొమ్మ చివరికి గెంతాడు. "విన్నారా?"

"వినడానికి నాకు తీరికెక్కడిదండీ. ఇదివరకున్నాయన తని మొదలెట్టడమూ ముగించడమూ ఒకటే. ఒక వాయి పకోడీలు దిగేలోపు జనం లోపలికి పోయేవారు. మీరొచ్చాక రెండో వాయి కూడా అమ్ముడవుతోంది. మీరు భలే సాగదీస్తారు."

"సాగదీయడం కాదండీ అది. మూడు కాలాలూ..."

"ఏదైతేనేం లెండి. ఇకమీదట మీ ఇంటి తిండి బాధ్యత నాది. ఇంకాస్త పొడిగించండి, చాలు."

నాగలింగం సుభద్ర వంక చూశాడు. సుభద్ర పిల్లల వంక చూసింది. మాట కుదిరిపోయింది.

అప్పటినుంచి నాగలింగం లేని కచేరీ లేదు. గాయకుడు ఎవరైనా సరే, మొద్దు అతనే ఉండాలని పద్మనాభం పట్టుబట్టేవాడు. సభకు దీపాలూ చాపలూ క్యాంటీన్ డబ్బుతోనే వస్తాయి కనుక శేషావతారం ఒంటికాలి మీద కాసేపు ఆలోచించి సరేననేవాడు. పక్క అడవుల క్యాంటీన్లవాళ్ళు కూడా కబురు పెట్టసాగారు. గూట్లో పిల్లలు బొద్దుగా తయారయ్యారు. సంగీతాన్ని నమ్ముకుని నిలదొక్కుకున్నవాడెవరయ్యా అంటే అందరూ నాగలింగం పేరే చెప్పేవారు. అతని వాయిద్యం ఎలా ఉంటుందని అడిగితే మాత్రం, "బాగానే ఉంటుందంటారు," అనేవారు.

నాగలింగానికి ఈ బతుకు సుఖంగానే ఉంది, కానీ లోపల కుములుతూ ఉండేవాడు. ఖాళీ చాపలకు వాయించి వాయించి, కలలో కూడా అతనికి చాపలే కనిపించేవి.

ఇలా ఉండగా ఒకరోజు నీలకంఠం పాట ఆపి "ఊ" అన్నాడో లేదో, ఆకాశం చిల్లుపడినట్టు వాన మొదలైంది. జనం అలవాటు ప్రకారం లేచారు. బయటికి చూశారు. వాగు పొంగి గట్లు మునిగాయి. అవతల పద్మనాభం మూకుడు పక్కన నిలబడి చేతులు ఊపుతున్నాడు. దాటే దారి లేదు. గత్యంతరం లేక కూర్చున్నారు.

కూర్చున్నాక చెవులు ఊరికే ఉండవు కదా.

మొదటి కాలంలో కుందేలు తోక కదిలింది. రెండో కాలంలో కోతులు ఒకదాన్నొకటి గోక్కోవడం మానేశాయి. మూడో కాలం అందుకునేసరికి అధ్యక్షులవారికి మెలకువ వచ్చింది. సభ పుట్టిన తర్వాత ఆయనకు అక్కడ మెలకువ రావడం అదే మొదలు.

"ఎవరతను?" అన్నాడు ఏనుగు.

"మన నాగలింగమే," అంది కుందేలు.

"రోజూ ఇలాగే వాయిస్తాడా?"

"రోజూ ఇలాగేనట."

"మరి మనమెక్కడున్నాం?"

"పకోడీల దగ్గరండీ," అంది కుందేలు సిగ్గుపడుతూ.

నాగలింగం తడిసి ముద్దయి గూటికి చేరాడు. "విన్నారే సుభద్రా, అందరూ విన్నారే," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుభద్ర కళ్ళు కూడా చెమర్చాయి. రెక్కతో అతని వీపు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగి, "పద్మనాభంగారేమన్నారు?" అని అడిగింది.

మర్నాడు వాన లేదు. వాగు తగ్గింది. అయినా తని మొదలయ్యాక ఒక్కరూ లేవలేదు. ఆ తర్వాత కచేరీకి పక్క అడవి నుంచి కూడా వచ్చి కూర్చున్నారు. అవతల గట్టున పకోడీలు చల్లారిపోయి, మెత్తబడి, చివరికి చేపలకు పోయాయి.

పద్మనాభం మళ్ళీ చెట్టు కిందికి వచ్చాడు. ఈసారి పొగడ్తలు లేవు.

"మీ వాయిద్యం మీద ఫిర్యాదు వచ్చిందండీ."

"తాళం తప్పానా?" అన్నాడు నాగలింగం కంగారుగా.

"తాళం తప్పితే నాకేం బాధ? జనం కూర్చుంటున్నారు. మీరు బాగా వాయిస్తున్నారని అడవంతా అనుకుంటున్నారు. మీకు నేనేం లోటు చేశానని ఈ పని చేస్తున్నారు?"

నాగలింగం గూటి వంక చూశాడు.

"పిల్లలున్నవాళ్ళు మీరు," అన్నాడు పద్మనాభం మెత్తగా. "వచ్చే కచేరీలో కాస్త చెడగొట్టండి. జనం వాళ్ళే లేస్తారు."

ఆ వారమంతా నాగలింగం చెడగొట్టడం సాధన చేశాడు. అది చాలా కష్టమైన విద్య అని తెలిసింది. ఎంత తప్పు కొడదామన్నా ముక్కు తనంతట తనే సరైన చోట పడేది. సుభద్ర కూర్చుని, "అదుగో, మళ్ళీ తాళంలో పడ్డారు," అని హెచ్చరించేది. ఆఖరికి ఎలాగో నేర్చాడు. నేర్చిన రోజున ఇద్దరూ భోజనం చెయ్యలేదు.

కచేరీ రోజున నాగలింగం కళ్ళు మూసుకుని తాళం తప్పాడు. ఒక దెబ్బ ముందు పడింది, ఒకటి వెనక పడింది, ఒకటి అసలు పడనే లేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకొక్క క్షణం ఆగితే ఎవరో ఒకరు లేచేవారే.

సరిగ్గా అప్పుడు శేషావతారం గొంతు సవరించుకున్నాడు. "ఈ నడక చాలా అపురూపం. నేను గ్రంథాల్లో చదవడమే గానీ వినడం ఇదే మొదలు," అన్నాడు.

నిజానికి ఆయన ఏ గ్రంథమూ చదవలేదు. తెలియదని ఒప్పుకోవడం కార్యదర్శులకు అలవాటు లేదు, అంతే. ఆ మాటతో సభ మొత్తం "ఆహా" అంది. కోతులు తప్పు దెబ్బ పడినప్పుడల్లా తల ఊపాయి. నాగలింగం ఎంత చెడగొడితే అంత మెచ్చుకున్నారు. బాగా వాయించినప్పుడు రాని కీర్తి ఆ ఒక్కరోజులో వచ్చింది.

ఇక కార్యవర్గం సమావేశం కాక తప్పలేదు. పకోడీలు పోతే చాపలు పోతాయని పద్మనాభం చెప్పాడు. తన పింఛం వంక ఎవరూ చూడటం లేదని నీలకంఠం చెప్పాడు. శేషావతారం రెండో కాలు కూడా కింద పెట్టి ఆలోచించాడు.

పౌర్ణమి నాడు నాగలింగానికి ఘనసన్మానం జరిగింది. లయారణ్య కేసరి అని బిరుదిచ్చారు. ఇంత పెద్ద బిరుదున్నవారిని మామూలు కచేరీల్లో పక్కవాద్యానికి పిలవడం వారిని అవమానించడమే అవుతుందని, అలాంటి పాపం సభ ఎన్నటికీ చెయ్యదని శేషావతారం గద్గద స్వరంతో ప్రకటించాడు. శాలువా కప్పాడు.

మొద్దు దగ్గర పద్మనాభం మేనల్లుణ్ణి కూర్చోబెట్టారు. వాడికి వాయించడం రాదు. తని మొదలవగానే జనం పరుగులు తీశారు. సభ కోలుకుంది.

నాగలింగం మీద అభిమానమున్న కుందేలూ కోతులూ మరికొందరూ సాయంత్రాలు అతని చెట్టు కిందికే రాసాగారు. అతను వాయించేవాడు, వాళ్ళు కదలకుండా వినేవారు. జన్మంతా కోరుకున్నది కళ్ళముందు జరుగుతుంటే నాగలింగానికి కడుపు నిండినట్టే ఉండేది. పిల్లలకు మాత్రం నిండేది కాదు. వెళ్ళేటప్పుడు అందరూ, "ఇంతటి కళకు పోషణ లేకపోవడం దారుణం," అని బాధపడి వెళ్ళిపోయేవారు.

ఒక సాయంత్రం కుందేలు మొహమాటంగా, "అంతా బాగుంది గానీ వదినగారూ, ఇక్కడ తినడానికేమీ దొరకదాండీ?" అంది.

సుభద్ర మర్నాడే రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టింది. శాలువాలు పక్క అడవిలో ఇచ్చి పెనమూ చాపలూ మినప్పప్పూ తెచ్చింది. పగలంతా రుబ్బింది. ఆవిడ అట్లు మెత్తగా, అంచులు మాత్రం కరకరలాడుతూ ఉండేవి. చెట్టు కింద జనం పెరిగారు. తర్వాత తర్వాత ఇంకా పెరిగారు. పద్మనాభం సైతం ఒకసారి మారువేషంలో వచ్చి రుచి చూసి, దిగులుగా వెళ్ళాడంటారు.

ఓ సాయంత్రం నాగలింగం తని అందుకున్నాడు. ముందు కుందేలు లేచింది. తర్వాత కోతులు లేచాయి. చూస్తుండగానే చాపలు ఖాళీ అయి, పొయ్యి దగ్గర వరస పెరిగింది. నాగలింగం ముక్కు ఆగబోయింది. పెనం మీద పిండి చుయ్‌మన్న చప్పుడు వినిపించి, ఆపకుండా రెండో కాలంలోకి వెళ్ళాడు. వరస పొడుగ్గా ఉందని గమనించి, మూడో కాలాన్ని రెండుసార్లు వాయించాడు.

అందరూ వెళ్ళాక పొయ్యి దగ్గరికి దిగాడు. సుభద్ర నుదుటి మీద చెమట తుడుచుకుంటోంది.

"ఇవాళ ఎలా ఉంది సుభద్రా?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ," అంది సుభద్ర పెనం కడుగుతూ. "ఇంకొంచెం సేపు వాయించి ఉంటే ఈ అడుగునున్న పిండి కూడా మిగిలేది కాదు."

నీతి: కళాకారుడి ఆకలి తీరాలంటే ముందు రసికుడికి ఆకలి వెయ్యాలి.