తొంభై ఏళ్ల విరామ సంగీతం

"జాతీయ రేడియో తొంభై ఏళ్ల చరిత్రని, ఒక్క అక్షరం దాచకుండా, ప్రజల ముందు పెడతాం!" అని సమాచార శాఖ మంత్రి సగిన్‌బాయ్‌గారు ప్రకటించారు. ఆ సమయంలో ఆయన ముందు మైకు పట్టుకుని నిలబడింది నేనే కాబట్టి, ఆయన కళ్లలో నీళ్లు తిరగడం దగ్గరనుంచి చూశాను. మంత్రిగారికి చరిత్రంటే అంత ప్రేమ. రేడియో తొంభై ఏళ్ల జయంతి బాగా జరిగితే ప్రధానమంత్రి పదవి, బాగోకపోతే ఎక్కడో మంచు దేశంలో రాయబారి పదవి అని అధ్యక్షులవారు సెలవిచ్చిన దగ్గర్నుంచీ ఆ ప్రేమ మరీ ముదిరింది.

నా పేరు కుబాత్. రేడియో భవనంలో టేపుల గదికి నేనే దిక్కు. పాత టేపులన్నీ దుమ్ము దులిపి, తొమ్మిది గంటల చరిత్ర తయారుచేశాను. అందులో నాయకులున్నారు, గొర్రెల ఉన్ని లెక్కలున్నాయి, ఫుట్‌బాల్ ఉంది, కొండల మీది కాపరులకు ఇంటి కబుర్లున్నాయి. అయితే సగానికి సగం గొంతు మాత్రం ఒక్కరిదే. అది బుర్మాకాన్ గారిది. మా రేడియోలో అందరికీ ఆవిడ 'ఎజే', అంటే పెద్దక్క.

"లేచారా? టీ కాగిందా? బొత్తాలు పెట్టుకోండి, బయట చలిగా ఉంది" అని ఆవిడ అంటేనే మా దేశంలో తెల్లారేది. బజారులో క్యారెట్లు బేరమాడితే, గొంతు విని కొట్టువాడు లేచి నిలబడతాడు. కానీ పేరు ఎవరికీ తెలీదు. అనౌన్సర్లు పేరు చెప్పుకోకూడదని రూలు. ఆవిడ ముప్పై ఎనిమిదేళ్లు రేడియోలో మాట్లాడి, ఒక్కసారి కూడా తన పేరు పలక్కుండా రిటైరైపోయారు.

ఆ ఎజే వచ్చి మంత్రిగారిని ఒక్కటే కోరారు. "జయంతి రోజున నాకో నిమిషం ఇవ్వు బాబూ. నా పేరు చెప్పుకుని వెళ్లిపోతా. మా అవ్వ రేడియోలో మాట్లాడేదంటే బళ్లో ఎవరూ నమ్మట్లేదని నా మనవరాలు ఏడుస్తోంది."

"నిమిషమేంటి ఎజే, పది నిమిషాలు తీసుకోండి!" అని మంత్రిగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఎజే అట్నుంచి అటే దర్జీ దగ్గరికి వెళ్లి నీలం వెల్వెట్ కోటు కుట్టడానికిచ్చారు.

మర్నాడు మంత్రిగారు చరిత్ర వినడానికి కూర్చున్నారు.

"ఎవరిదయ్యా ఈ గొంతు?"

"మొదటి అధ్యక్షులవారిదండీ."

"విమానమెక్కి పారిపోయినాయనేనా? తీసెయ్. ఇదెవరు?"

"రెండో ఆయనండీ. హెలికాప్టరు."

"తీసెయ్."

"మూడో ఆయన కాలినడకనే సరిహద్దు దాటారండీ. పోనీ ఈయన్ని ఉంచమంటారా? తమర్ని మొదటిసారి మంత్రిని చేసింది ఈయనే."

మంత్రిగారు చటుక్కున చెయ్యి చాపి టేపు ఆపేశారు. "అన్నిటికంటే ముందు అది తీసెయ్" అన్నారు.

ఆయన చెవి ఎంత సూక్ష్మమో ఆ రోజే నాకు తెలిసింది. ఆరేళ్ల పిల్లాడెవరో గొర్రెపిల్ల మీద పాట పాడుతుంటే, ఆ పిల్లాడు ఇప్పుడు ప్రతిపక్ష నాయకుడని చెప్పాను. "చూశావా, అప్పుడే గొంతులో కుట్ర వినపడుతోంది" అన్నారు. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరు తర్వాత జైలుకెళ్లాడు కనక ఆట తీసేశాం. గోల్‌కీపరు లేకుండా గోల్ ఎలా పడిందో చెప్పలేక గోల్ కూడా తీసేశాం. ఉన్ని లెక్కల్లో మా దేశంలో ఉన్న గొర్రెల కంటే కత్తిరించిన గొర్రెలే ఎక్కువున్నాయి. అదీ పోయింది. "రేపు గాలి మారే సూచనలున్నాయి" అన్న వాతావరణ వార్త దగ్గరైతే మంత్రిగారు ఒంటికాలి మీద లేచారు.

చివరికి ఎజే వంతు వచ్చింది.

"ఈవిడ నలుగురు అధ్యక్షుల పేర్లూ ఒకే తియ్యదనంతో పలికిందయ్యా. పక్కపక్కన వింటే జనం ఏమనుకుంటారు? తీసెయ్" అన్నారు మంత్రిగారు.

"మరి ఎజేకి మాటిచ్చారు కదండీ?"

"ఇచ్చాను. నేనిచ్చిన మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను. వేరేవాళ్ల మాటైతే ముట్టుకుంటానా?"

ఆ నీతికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. కబురు చెప్పడానికి నేనే ఎజే ఇంటికి వెళ్లాను. ఆవిడ కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, పేరు చెప్పుకోవడం సాధన చేస్తున్నారు. నేను చెప్పింది విని కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. "పోన్లేరా. కోటు మాత్రం బాగా కుదిరింది" అని నాకు టీ పోశారు. నాకు ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అయినా మంత్రిగారి దూరదృష్టి ముందు నా సిగ్గు ఏపాటిది?

తొమ్మిది గంటల చరిత్రలో ఇక మిగిలింది కొముజ్ ఒక్కటే. మూడు తీగల వాయిద్యం. టేపు తెగినప్పుడు, అనౌన్సరుకి దగ్గొచ్చినప్పుడు సందులో వేసే సంగీతం.

"అద్భుతం! దీన్ని వేలెత్తి చూపేవాడు లేడు. జయంతి రోజు పొద్దుట్నుంచీ ఇదే వెయ్యి" అన్నారు మంత్రిగారు.

"సార్, మన దగ్గర కొముజ్ ఒక్కటే ఆగకుండా వస్తే జనం..."

"జనం మురిసిపోతారు. నాకు తెలీదా?"

సంగతేమిటంటే, మా దేశంలో అధ్యక్షులవారు పారిపోయిన ప్రతిసారీ, కొత్తాయన ఎవరో తేలేదాకా ఎవరి పేరు చెప్పాలో తెలీక రేడియోవాళ్లు కొముజ్ వేసేవాళ్లు. పొద్దున్నే మాటల్లేకుండా కొముజ్ మోగిందంటే ప్రభుత్వం పడిపోయినట్టేనని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. మంత్రిగారు కారులో విదేశీ పాటలు వింటారు కాబట్టి ఆయనకి తెలీకపోవడంలో వింత లేదు.

జయంతి రోజు తెల్లారగానే కొముజ్ మొదలుపెట్టాను. నేను కుర్చీలో సర్దుకోకముందే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, పడిపోయిందా?"

"ఏది?"

"ఇంకేది, ప్రభుత్వం."

"లేదే. ఇది జయంతి."

"సర్లెండి, పక్కన మనుషులుండి చెప్పలేకపోతున్నారు కాబోలు. నేను రెండు బస్తాల పిండి కొనేస్తున్నా."

కిటికీలోంచి చూస్తే బజారులో షట్టర్లు దడదడా దిగుతున్నాయి. నగల కొట్టాయన పోయినసారి మడిచి దాచుకున్న గుడ్డ బ్యానరు తీసి తలుపుకి కడుతున్నాడు. దాని మీద 'మేము ప్రజల పక్షం' అని ఉంది. ట్రాఫిక్ పోలీసులు టోపీలు తీసి, అందరిలాగే తెల్ల ఉన్ని టోపీలు పెట్టుకున్నారు. చౌకులో జనం పోగయ్యారు. కొత్తగా ఎవరొచ్చారని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు.

మంత్రిగారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. "ఆపవయ్యా! కొంప మునుగుతోంది! ఏదో ఒకటి మాట్లాడు!"

"నా గొంతెవరికి తెలుసు సార్? ఎజే చెబితే నమ్ముతారు."

కారు పంపించారు. ఎజే నీలం కోటు వేసుకునే వచ్చారు. మంత్రిగారు కాగితం ఇచ్చారు. 'దేశంలో అంతా ప్రశాంతంగా ఉంది. అధ్యక్షులవారు తమ కార్యాలయంలో పని చేసుకుంటున్నారు.'

ఎజే చదివి కళ్లజోడు తీశారు. "సగిన్‌బాయ్, ఇదే ముక్క నేను ఇంతకుముందు మూడుసార్లు చదివాను. ముగ్గురూ సాయంత్రానికల్లా పోయారు."

"మీ కాళ్లు పట్టుకుంటా ఎజే, చదవండి!"

"చదువుతా. కానీ చివర్లో నా పేరు చెప్పుకుంటా."

"చెప్పుకోండి తల్లీ! ఏడు తరాల తాతల పేర్లూ చెప్పుకోండి!"

ఎజే మైకు ముందు కూర్చున్నారు. అదే గొంతు. రిటైరైన ఏడేళ్ల తర్వాత కూడా చెక్కు చెదరలేదు. అంతా ప్రశాంతంగా ఉందన్నారు. అధ్యక్షులవారు పని చేసుకుంటున్నారన్నారు. కాస్త ఆగి, "చదివినది బుర్మాకాన్" అన్నారు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం గొంతు వణికింది. నాకు కళ్లు చెమర్చాయి.

చౌకులో మా భవనం కిటికీలు అదిరేలా కేక లేచింది.

"పేరు చెప్పిందిరోయ్! వద్దనేవాడే లేడు! అంటే పైన ఎవరూ లేరు!"

కాసేపటికి మా భవనం మీదుగా విమానం వెళ్లింది. మంత్రిగారు తలెత్తి అది కనుమరుగయ్యేదాకా చూశారు. తర్వాత టై విప్పి, బ్రీఫ్‌కేసులోంచి ఇస్త్రీ చేసిన తెల్ల ఉన్ని టోపీ తీసి పెట్టుకున్నారు. "ప్రజల్లోకి వెళ్తున్నా" అని వెనక మెట్ల మీదుగా దిగిపోయారు. అంత ముందుచూపున్న నాయకుణ్ని నేనింతవరకు చూడలేదు.

మర్నాడు కొత్త ప్రభుత్వంలో ప్రధానమంత్రిగా సగిన్‌బాయ్‌గారి పేరు ప్రకటించారు. ప్రమాణానికి బయల్దేరుతూ ఆయన నా గదిలోకి తొంగిచూశారు.

"తమ్ముడూ కుబాత్, జాతీయ రేడియో చరిత్ర నిన్నటితో మొదలైంది. దాన్ని ఒక్క అక్షరం దాచకుండా ప్రజల ముందు పెట్టాలి. నిన్న ఎజే చదివిందే మొట్టమొదటి ప్రసారం. ఆ గొంతు వినే కదా దేశం లేచింది! పదకొండింటికి గంట కార్యక్రమంగా వేసెయ్."

నేను ఎగిరి గంతేసినంత పనిచేసి ఎజేకి ఫోన్ కొట్టాను. ఆవిడ వెంటనే వచ్చేశారు. "బళ్లో పిల్లలందర్నీ రేడియో ముందు కూర్చోబెట్టారట్రా. నా మనవరాలు ముందు వరసలో కూర్చుందట" అంటూ నా పక్క కుర్చీలో కూర్చుని, కోటు ముడతలు సర్దుకున్నారు.

కారెక్కబోయే ముందు ప్రధానిగారు మళ్లీ గుమ్మంలోంచి తొంగిచూశారు. "అన్నట్టు, చివర్లో ఆ పేరెందుకయ్యా? అది ప్రజల గొంతు. ప్రజల గొంతుకి పేరేంటి? కత్తిరించు."

ఎజే వైపు చూడకుండా కత్తిరించాను. మిగిలింది రెండు వాక్యాలు.

"మరి మిగతా గంటకి ఏం వెయ్యమంటారు సార్?"

"ఏదో ఒకటి వెయ్యవయ్యా, నాకు టైమైపోతోంది!" అని ఆయన వెళ్లిపోయారు.

పదకొండయింది. దేశంలో అంతా ప్రశాంతంగా ఉందని, అధ్యక్షులవారు పని చేసుకుంటున్నారని రేడియో చెప్పింది. చరిత్ర అయిపోయింది. ఎజే ఇంకా స్పీకరు వైపే చూస్తున్నారు. కాసేపటికి లేచి, కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నారు.

"మిగతా గంటకి ఏదో ఒకటి వెయ్యమన్నాడుగా?"

"అవునెజే."

"కొముజ్ వెయ్యి నాయనా."

వేశాను. ఇంకా రెండో చరణంలోకి కూడా రాలేదు, మా ఆవిడ దగ్గర్నుంచి ఫోన్.

"ఏవండీ, పిండి ఇంట్లో ఇంకా ఉంది. ఈసారికి నూనె కొననా?"