పన్నూ, పాత భవనమూ

ఆ ఉదయం ఇంజనీరుగారు రెండే పనులు పెట్టుకున్నారు. ఒకటి, మూడు రోజులుగా ప్రాణం తోడేస్తున్న పన్ను పీకించుకోవడం. రెండు, నూట పదేళ్ళ గ్రంథాలయాన్ని పడగొట్టించడం. మధ్యాహ్నంలోగా రెండూ ఊడితే, ఆ స్థలంలో అయిదంతస్తుల భవనానికి సాయంత్రం పై అధికారి చేత సంతకం పెట్టించుకోవచ్చు. గ్రంథాలయం పక్కనే ఆయన ఆఫీసు. తొమ్మిదేళ్ళ కిందట దగ్గరుండి కట్టించింది ఆయనే.

పళ్ళ డాక్టరు మత్తు సూది వేసిన పది నిమిషాలకి సగం మొహం ఎవరిదో అన్నట్టయింది. సరిగ్గా అప్పుడే మేస్త్రి ఫోన్ చేశాడు.

"అయ్యా, ఇక్కడ రెండు బిల్డింగులున్నాయి. ఏది కొట్టమంటారు?"

"ఫాఫదీ! ఫాఫదీ!"

"పాపదా? ఎవరి పాపదయ్యా?"

ఇంజనీరుగారు విసుగెత్తి ఫోన్ తోడొచ్చిన భార్య చేతిలో పెట్టి, గోడలు పగిలినట్టూ, కప్పు కారినట్టూ చేతులతో అభినయించారు. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. "బీటలేసి, కప్పు కారుతూ, నేడో రేపో నెత్తిన పడేలా ఉన్నదేదో అదే కొట్టెయ్యమంటున్నారు మేస్త్రీ."

మేస్త్రి నలభై ఏళ్ళుగా మాట తప్పని మనిషి. ముందు గ్రంథాలయంలోకి వెళ్ళి సున్నపు గోడని సుత్తితో తట్టాడు. ఖంగుమంది. టేకు దూలాలన్నీ తడిమి చూశాడు. బీట కోసం వెతికి వెతికి అలిసిపోయాడు.

"ఇది కారుతుందా అమ్మా?" అని లైబ్రేరియన్ని అడిగాడు.

"ఇదా? వానొస్తే పక్క ఆఫీసు వాళ్ళు ఫైళ్ళు పట్టుకుని ఇక్కడికే పరిగెత్తుకొస్తారు!"

పక్క ఆఫీసులో కప్పు కింద నాలుగు బకెట్లున్నాయి. గోడ బీటలో మేస్త్రి అరచెయ్యి పట్టింది. ఇక అనుమానమేముంది? కూలుస్తారన్న మాట వినగానే గుమాస్తాలు, కారే కప్పు గురించి తాము పెట్టుకున్న అర్జీ ఇన్నేళ్ళకి ఫలించిందనుకుని, గంటలో బల్లలూ బీరువాలూ గ్రంథాలయం మేడ మీదకి చేర్చేశారు. పోతూ పోతూ మేస్త్రికి టీ కూడా ఇప్పించారు.

దవడ పట్టుకుని వచ్చిన ఇంజనీరుగారికి గ్రంథాలయం చెక్కుచెదరకుండా కనిపించింది. దాని పక్కన ఆకాశం కనిపించింది.

"యంత్రం రెండు దెబ్బలకే కూలిందయ్యా! ఎవడు కట్టాడో గానీ!" అన్నాడు మేస్త్రి సంబరంగా.

ఇంజనీరుగారు ఉద్యోగం ఊడిందనే అనుకున్నారు. అంతలో పై అధికారి జీపు వచ్చి ఆగింది.

"ఏమిటయ్యా ఇది?"

"ఫాఫది... ఫాఫది..."

"పాతదా?" అధికారి శిథిలాల కుప్పనీ గ్రంథాలయాన్నీ మార్చి మార్చి చూశాడు. "పాతది ఉంచి కొత్తది తీసేశావా! భేష్! నూరేళ్ళు నిలబడ్డ గోడని కూల్చి, మళ్ళీ అంత ఇటుకా అంత కలపా ఎక్కడినించి తెస్తాం? ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదయ్యా ఈ ముక్క!"

కాదని చెప్పడానికి నోరు తిరగలేదు. మత్తు దిగాక చెప్పాలనిపించలేదు.

మరుసటి నెల ఇంజనీరుగారిని పాత కట్టడాల సంరక్షణ విభాగానికి అధిపతిని చేశారు. ఇంట్లో వంటగది కప్పు బాగుచేయించడానికి మాత్రం ఆయన భార్య మేస్త్రికే కబురు పెట్టింది.