నైరుతి గదికి లోపలి గడియ

నవ్వకండి. కొత్త ఇల్లు కట్టుకుని, ఆ ఇంట్లో మెట్ల కింద ఇన్వర్టరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న ఇంటాయన్ని చూస్తే నవ్వొస్తుందని నాకూ తెలుసు. తెలివి తక్కువై ఈ గతి పట్టినవాళ్లని మీరు చాలామందిని చూసి ఉంటారు. నాకు ఎక్కువై పట్టింది.

తాడేపల్లిగూడెంలో చేపల మేత కొట్టు నరసరాజంటే నేనే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఓ మేడ మీద అద్దె వాటాలో ఉండేవాళ్లం. అందులో నాదంటూ ఉన్నది ఒక్క పడక కుర్చీ. పిల్లలకి పరీక్షలొస్తే ఆ కుర్చీ వరండాలోకి పోయేది. మండవల్లి నుంచి మా బావమరుదులొస్తే మడతపడి గోడకి ఆనేది. కుర్చీ ఎక్కడికి పోతే నేనూ అక్కడికి పోయేవాణ్ణి.

పోనీ కూర్చోనిచ్చేవారా? మధ్యాహ్నం అన్నం తిని కన్ను మూయగానే మా ఆవిడ సత్యవేణి చీపురుతో ప్రత్యక్షమయ్యేది.

"ఏమండీ, కాళ్లు ఎత్తండి."

"పొద్దున్న ఊడ్చావుగా!"

"పొద్దున్న మీరు లేరుగా. మీరు వచ్చాకే కదండీ చెత్త కనిపిస్తుంది."

మా వైపు ఇళ్లలో మొగుడికి ఎంత గడ్డి పెట్టినా చివర 'అండీ' మాత్రం తగ్గదు.

అందుకని నాకో గది కావాలనిపించింది. నాకొక్కడికే. తలుపుకి లోపల గడియ ఉండాలి. కిటికీ కూడా ఉండాలి. ఎందుకంటే దానికి ఇంకో కారణం ఉంది. పునుగులు.

నూనె వస్తువులు మానెయ్యమని డాక్టరు నాకు ఒక్కసారే చెప్పాడు. సత్యవేణి రోజూ చెబుతోంది. ఆవిడ కళ్లు గప్పి నేను పునుగులు తినే బండి ఒకటుంది, రైసుమిల్లు వెనక సందులో. వేడివేడి పునుగులు, మీద ఉల్లిపాయ ముక్కలు, పక్కన అల్లం చట్నీ. తలుచుకుంటేనే నాకు ఇల్లు కట్టాలనిపిస్తుంది.

సరిగ్గా ఆ సందుని ఆనుకునే స్థలం ఒకటి అమ్మకానికొచ్చింది. చూపించింది బ్రోకరు ఎలీషా. ఊళ్లో అందరూ అతన్ని 'ఫేసింగు ఎలీషా' అంటారు. టీ గ్లాసు కూడా ఏ ఫేసింగో చూసుకుని గాని పట్టుకోడు.

"రాజుగారూ, రెండు బిట్లున్నాయండి. ఒకటి మార్కెట్ యార్డు వైపు, వెస్ట్ ఫేసింగు. రెండోది ఇది, ఈస్ట్ ఫేసింగు. ముందు రోడ్డు, వెనక సందు."

మార్కెట్ యార్డు వైపు స్థలం సత్యవేణికి నచ్చింది. నచ్చదా మరి? దాని పక్కిల్లే వాళ్ల పిన్నిగారిది. ఆవిడకి నేను 'ఎఫ్ఎం' అని పేరు పెట్టుకున్నాను. భీమడోలులో ఎవరైనా దగ్గితే ఆవిడ పుణ్యమా అని మండవల్లిలో ముందుగా మాత్రలు వేసుకుంటారు. అలాంటి మనిషి గోడ పక్కన నేను పునుగు కొరికానంటే ఇక చెప్పాలా?

కాబట్టి తూర్పు స్థలమే కొనాలి, నైరుతి మూల గది నాది కావాలి, దాని కిటికీ సందులోకి తెరుచుకోవాలి. బండి ఆవిడ చెయ్యి చాపితే పొట్లం నా ఒళ్లో పడాలి. ఇదీ నా ప్లాను.

ఎవరికీ చెప్పకుండా టేపు సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లాను. ఉత్తరీయం ఉండాల్సిన చోట ఆయన మెడలో ఎప్పుడూ కొలత టేపు ఉంటుంది. నా పేరు వినగానే పెదవి విరిచారు.

"తమరి పేరు నకారంతో మొదలైంది కదండీ. త వర్గు. అంటే పాము. తూర్పు దిక్కు గరుత్మంతుడిది. తూర్పు సింహద్వారంలోంచి తమరు లోపలికి అడుగుపెట్టడమంటే, పాము తనంతట తాను గద్ద నోట్లోకి వెళ్లడమేనండి."

"మరి పడమర?"

"తమరి సొంత దిక్కు. అమోఘం!"

అంటే పిన్నిగారి పక్క స్థలం.

"ఇంకే దారీ లేదాండీ? కావాలంటే పేరు మార్చుకుంటాను."

"ఆధార్ కార్డు ఒప్పుకోదండి. అమ్మగారి పేరేమిటి?"

"సత్యవేణి."

ఆయన వేళ్లు లెక్కపెట్టుకున్నారు. "సకారం. మేషం. తూర్పుతో ఏ తగాదా లేదు. స్థలం అమ్మగారి పేరున రాయించెయ్యండి. యజమాని పేరుకి దిక్కు కుదిరితే చాలు, మిగతావాళ్లు ఏ జంతువైనా పర్వాలేదు."

ఎగిరి గంతేశాను. స్థలం తన పేరున అంటే సత్యవేణి పిన్నిగారిని కూడా మర్చిపోతుంది. లేచి నిలబడి, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాను.

"నైరుతి గది ఇంటి యజమానిదే కదండీ?"

"అందులో అనుమానమేముందండి? యజమానిదే."

"ఆ ముక్క మా ఇంటికొచ్చి అందరి ముందూ గట్టిగా చెప్పాలి. చుట్టాలు గాని, పిల్లలు గాని అందులో పడుకోకూడదనండి. లోపల గడియ తప్పనిసరి అని కూడా అనండి."

"గడియ సంగతి శాస్త్రంలో లేదండి."

"వద్దని ఉందా?"

"వద్దనీ లేదు," అన్నారు ఆయన, టేపు సర్దుకుంటూ.

ఇంటికొచ్చి సత్యవేణికి శుభవార్త చెప్పాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"చీర కొనమంటే కొట్లో రద్దీ అనే మనిషి, నా పేరున స్థలం కొంటారా? నిజం చెప్పండి. బండితో ఎవర్నైనా గుద్దేశారా?"

"ప్రేమతో చేస్తే కూడా అనుమానమేనా?"

"ప్రేమైతే మరీ అనుమానమండీ. ఇన్నాళ్లూ లేంది ఇప్పుడెందుకొచ్చింది?"

మర్నాడు స్థలం చూపించడానికి తీసుకెళ్లాను. ఎలీషా దారి పొడుగునా వర్ణిస్తూనే ఉన్నాడు. వెనక సందు వైపు తిరిగామో లేదో, బండి దగ్గరున్నావిడ నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. గబుక్కున తల ఎత్తి ఆకాశంలోకి చూశాను.

"అదిగో చూడు సత్యం, కొంగలు! కొల్లేరు వైపు ఎంత బారుగా వెళ్తున్నాయో!"

సత్యవేణి కూడా పైకి చూసింది. అక్కడ ఒక్క కొంగా లేదు. ఎండ మాత్రం ఉంది.

"అవునండీ, బాగున్నాయి," అంది.

గండం గడిచిందనుకున్నాను. ఎలీషా నా చెవిలో, "అమ్మగారు కొంచెం సౌత్ ఫేసింగులోకి తిరిగినట్టున్నారండి," అన్నాడు గాని, నేను పట్టించుకోలేదు.

స్థలం ఆవిడ పేరున రాసేశాం. తర్వాత మొదలైంది ప్లాను గోల.

మా అమ్మాయి లక్ష్మీప్రసన్న ఇంజనీరింగు చదువుతోంది. ఫోన్లోనే ఇల్లు గీసేసింది. ముచ్చటైన ఇల్లు. మండవల్లి నుంచి మా పెద్ద బావమరిది వచ్చే వరకే ఆ ముచ్చట.

"బావగారూ, చేపలు బాగు చేసుకోవడానికి చోటేదండీ?"

"మీరు బాగు చేయించి పంపితే చాలు కదండీ."

"బతికున్న కొరమేను తెస్తానండీ నేను!"

కొరమేనుకి తొట్టి పెట్టాం. దాంతో హాలు కొంత తగ్గింది. పిన్నిగారొచ్చి, దేవుడి గది మరీ అగ్గిపెట్టెలా ఉందన్నారు. హాలు ఇంకొంత తగ్గింది. ధాన్యం బస్తాలెక్కడ పెడతారని చిన్న బావమరిది, సైకిలెక్కడ పెట్టుకోవాలని మా అబ్బాయి బాబీ. తీరా చూస్తే బాబీ గదిలో మంచం వేస్తే తలుపు పడదు, తలుపు వేస్తే మంచం పట్టదు. రోజుకో గోడ జరుగుతోంది. సాయంత్రం కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి నా వంటిల్లు ఎటు తిరిగిందో నాకే తెలిసేది కాదు. విసుగొచ్చి ఓ రోజు అన్నం మానేశాను. ఎవరూ గమనించలేదు. గోడ జరుపుతున్నారు.

కాని నైరుతి గదిని ఎవరూ తాకలేదు. చిన్న బావమరిది ఒకసారి అటు వేలు పెట్టబోతే సిద్ధాంతిగారు టేపు పట్టుకుని లేచారు. "అది యజమాని గది! అంగుళం కదపడానికి వీల్లేదు!" ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

విచిత్రం ఏమిటంటే, ఆ గది విషయంలో సత్యవేణి నేనేమన్నా ఒప్పుకుంది.

"ఏసీ పెట్టిద్దామా, సత్యం?"

"పెట్టించండి."

"కిటికీ సందు వైపు పెడితే గాలి బాగా వస్తుందేమో?"

"పెద్దది పెట్టించండి. గాలికి మొహమాటం దేనికి?"

"లోపల గడియ?"

"గట్టిది చూసి మీరే తీసుకురండి. అలాంటివి మీకు బాగా తెలుసు."

మా పెళ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా ఆవిడ నేను చెప్పినట్టు తల వంచలేదు. గదికి అంత సులువుగా ఒప్పుకున్నప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. బస్సెక్కి ఏలూరు వెళ్లి, కొట్టు కొట్టూ తిరిగి, ఇత్తడి గడియ ఒకటి ఏరుకుని తెచ్చాను. వేస్తే ఖణీమని మోగుతుంది. దాన్ని కొన్నాళ్లు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

శంకుస్థాపన రోజున స్థలమంతా ముగ్గుతో ప్లాను గీశారు. తెల్లటి గీతలే గోడలు, గీతలు ఆగిన చోట గుమ్మాలు. చుట్టాలంతా దిగారు. పెద్ద బావమరిది కొరమేను ఉన్న బకెట్టుతో వస్తూ ముగ్గు గీత దాటాడు.

పిన్నిగారు కేకేశారు. "గోడలోంచి వస్తావేమిట్రా? గుమ్మం అక్కడుంటే!"

ఆయన వెనక్కెళ్లి గుమ్మంలోంచి వచ్చాడు. అప్పట్నుంచి అందరూ గుమ్మాల్లోంచే నడిచారు. పిన్నిగారు వంటింట్లో కుర్చీ వేయించుకుని, హాల్లో ఉన్నవాళ్లని గట్టిగా పిలిచి మాట్లాడారు. ఇల్లు లేచినట్టే అనిపించి నా కళ్లు చెమర్చాయి.

పూజ అయ్యాక సిద్ధాంతిగారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు ఇంటి యజమాని నైరుతి గదిలో కుడికాలు పెట్టాలి!"

పంచె సర్దుకుని, గుమ్మంలోంచే వెళ్లి, కుడికాలు పెట్టాను.

"తమరు కాదండి," అన్నారు సిద్ధాంతిగారు. "యజమాని."

"నేనే కదండీ!"

"స్థలం అమ్మగారి పేరున ఉంది. యజమాని అమ్మగారు. ఇంకెవరూ ఆ గదిలో పడుకోకూడదని తమరే నాచేత పదిసార్లు చెప్పించారు కదండీ."

చుట్టాలంతా నా కుడికాలు వైపు చూశారు. దాన్ని మెల్లగా వెనక్కి తీసుకున్నాను. చివరి ఆశ ఒకటి మిగిలింది.

"ఆవిడది మేషం కదండీ! నైరుతి ఆవిడకి శత్రువు కాదూ?"

"ఆ లెక్క సింహద్వారానికండి. పడకకి కాదు."

సత్యవేణి కొంగు భుజం మీదుగా లాక్కుని, నన్ను దాటి, గదిలోకి వెళ్లి నిలబడింది. చుట్టూ ముగ్గు గీతల్నీ, సందు వైపు వదిలిన కిటికీ చోటునీ తృప్తిగా చూసుకుంది. పిన్నిగారు చప్పట్లు కొట్టారు. ఈ వార్త సాయంత్రానికి మండవల్లి దాటి ఉంటుంది.

"మరి నేనెక్కడ పడుకోవాలి?" అని మా అమ్మాయిని అడిగాను.

లక్ష్మీప్రసన్న ఫోనులో ప్లాను అటూ ఇటూ తిప్పి చూసింది. "రాత్రి హాల్లో దివాను మీద, నాన్నగారూ. పగలు మీ కుర్చీకి మెట్ల కింద చోటుంది. కాని ఇన్వర్టరు వేడి వస్తుంది, కొంచెం జరిగి కూర్చోండి."

అదీ సంగతి. గృహప్రవేశం అయింది. ఇల్లు బాగుంది. మొన్న మధ్యాహ్నం మెట్ల కింద కునుకు తీస్తున్నాను. వాసనొచ్చింది. అల్లం చట్నీ. నైరుతి గది తలుపు దగ్గరికి వెళ్లి తట్టాను.

"ఎవరండీ?"

"నేనే. లోపల ఏం చేస్తున్నావు?"

"గాలి పీల్చుకుంటున్నానండీ. కిటికీలోంచి బాగా వస్తోంది."

"సత్యం! నీకెప్పుడు తెలిసింది?"

"లేని కొంగల్ని చూపించారు చూడండి, అప్పుడు. మర్నాడే సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లాను. యజమాని ఎవరని ఒక్క మాటే అడిగాను."

నాకు ఒళ్లు మండింది. "అన్నీ తెలిసి కిటికీ పెద్దది పెట్టించమన్నావా? ఇది అన్యాయం కాదూ?"

ఆవిడ గొంతు తలుపుకి దగ్గరగా వినిపించింది. ఈసారి అందులో వెటకారం లేదు.

"ఏమండీ, ఆ అద్దె వాటాలో మీకు కుర్చీ అయినా ఉంది. నాకు లోపల గడియ ఉన్న తలుపు స్నానాలగదికే ఉండేది. అందులోకి వెళ్లినా ఎవరో ఒకరు తలుపు కొట్టేవారు, తువ్వాలు ఎక్కడుందని. ఎక్కువసార్లు మీరే."

నిజంగానే నేనే. నాకు ఇల్లంటే నా గది అని తోచిందే గాని, ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో ఒక్కసారి కూడా తోచలేదు. చాలా సిగ్గేసింది.

ఖణీమని గడియ తీసిన చప్పుడు. తలుపు జానెడు తెరుచుకుని చెయ్యి బయటికొచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో కీరదోస ముక్కలు, వాటి మధ్య ఒకే ఒక్క పునుగు.

"చట్నీ?" అన్నాను ఆశగా.

"డాక్టరుగారు ఊరుకోరు," అంది.

తలుపు మూసుకుంది. మళ్లీ గడియ పడింది. ఎంత గట్టిగా పడిందో! పడదూ మరి, ఏలూరంతా తిరిగి నేనే ఏరి తెచ్చాను.