నీళ్లుగా వెళ్లిన చినగురవయ్య

ఆ ఏడు కాలువలో నీళ్లుగా పారడానికి చినగురవయ్యకు వంతు వచ్చింది కాబట్టి, భార్య అంకమ్మ పొద్దున్నే లేచి అతని సంచి సర్దింది. తిరిగి మనిషయ్యాక కట్టుకోవడానికి పంచె, తువ్వాలు పెట్టింది. గోంగూర పచ్చడి సీసా పెట్టి, మళ్లీ తీసేసింది. ఉప్పు కలిసిన నీళ్లు పైరుకు పడవని నీటిపారుదల శాఖవాళ్లు ముందే చెప్పి ఉన్నారు.

ఏర్పాటులో వింతేమీ లేదు. ప్రభుత్వం కోట్లు పోసి కాలువను వెడల్పు చేసింది, అడుగున సిమెంటు వేసింది, తూములకు రంగులు కొట్టించింది. అంత పెద్ద కాలువకు సరిపడా నీళ్లు మాత్రం రెండో దశ పనుల్లో ఉన్నాయి. అందాకా ఇంటికొకరు చొప్పున రైతులే నీళ్లు కావాలని ఉత్తర్వు వచ్చింది. పంటయ్యాక ఎండకు ఆవిరై, వానై ఇంటికి చేరుకోవచ్చు.

"ఆ వాన మా ఊళ్లోనే పడుద్దా సారూ?" అని అంకమ్మ ఇంజనీరును అడిగింది.

"అది వాతావరణ శాఖ చూసుకుంటుందమ్మా. మాది కాలువ వరకే," అన్నాడాయన, మర్యాదగానే.

చినగురవయ్య నవ్వాడు. "ఎందుకే అంత బెంగ? ఎట్టా పారినా చివరికి మన మిరపచేలోకేగా వచ్చేది. నువ్వు చేలోకి నీళ్లు పారేట్టు మడవ తీసి పెట్టు, చాలు."

"మడవ తీయటం నాకు తెలవదా? దారిలో ఎవరన్నా పలకరిస్తే కబుర్లకి ఆగమాక."

ఊరివాళ్లు చేసిన పొరపాటు ఒక్కటే. వాళ్లది కాలువకు చివరి ఊరు. ఏటా నీళ్లు వదలగానే కొందరు కర్రలు పట్టుకుని పైకి నడిచి, ఎగువ ఊళ్లవాళ్లు గట్టు తెంపకుండా కాపలా కాసేవారు. కాలువ సంగతి బాగా తెలిసినవాళ్లు కదా అని ఈసారి వాళ్లనే నీళ్లుగా పంపారు. చినగురవయ్య ఆ కాపలావాళ్లకు పెద్ద. గట్టు మీద ఇక ఎవరూ మిగల్లేదు.

సాయంత్రం దాకా అంకమ్మ మడవ దగ్గరే కూర్చుంది. కాలువ అడుగు తడిసింది, అంతే. మర్నాడు గట్టు పట్టుకుని పైకి నడిచింది. ఎగువ ఊళ్లో పున్నమ్మ అనే ఆవిడ నిండు మడిలో నాటు వేస్తోంది.

"మా ఆయన ఇట్టా వచ్చాడా అమ్మా? చినగురవయ్యంటారు. నోరు ఊరుకోదు."

"నిన్నంతా ఈ మడిలో ఒకటే గలగల. ఆయనే అయ్యుంటాడు. ఏమనుకోమాక వదినా, మావాళ్లే గట్టు తెంపారు. నారు ఎండిపోతా ఉండె."

అంకమ్మ తిట్టలేదు. మడిలోకి దిగి దోసిలి పట్టింది. అందులో ఊరి మగవాళ్లు చాలామంది కలిసిపోయి ఉన్నారు. ఎవరి మనిషిని వాళ్లు ఏరుకోవడం కుదిరే పని కాదు. ఒలికిపోకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా, మెల్లగా మళ్లీ మడిలోకే వదిలింది.

"బాగా చూసుకో అమ్మా," అంది.

"మా చేలో ఉన్నాక మావాడేగా," అంది పున్నమ్మ.

పంటలయ్యాక, చివరి భూములకు నీరందించినందుకు ఊళ్లో సభ పెట్టి ఇంజనీరుకు శాలువా కప్పారు. అందరూ కొడుతున్నారని అంకమ్మ కూడా చప్పట్లు కొట్టింది. కాలువను ఇంకా వెడల్పు చేస్తామని, వచ్చే ఏడు ఇంటికి ఇద్దరు కావాలని చెప్పారు. దానికీ చప్పట్లు పడ్డాయి.

మరుసటి వానాకాలం వానలు ఎగువ ఊళ్లలోనే పడ్డాయి. కిందటేడు మఖ కార్తెలో, కాలువ వదిలిన రోజున వెళ్లిన చినగురవయ్య ఆ ఏడూ రాలేదు, ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు.