మాట రానివారికే మొదటి మంచం

ఆ శనివారానికి కొండల్ సార్ వేసుకున్న ప్రణాళికలో దోషం వెతకడం దేవతలకు కూడా సాధ్యం కాదు. చీకటితోనే స్నానం, పూజ. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా మౌనం. ఆ నడుమ భార్య కమలవ్వను కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మకు చూపించడం. అటునుంచి అటే కొండగట్టు చేరి, పొద్దు గూట్లో పడ్డాక అంజన్న సన్నిధిలో నోరు విప్పి మొక్కు చెల్లించడం. సుల్తానాబాద్‌లో తండ్రులకూ వాళ్ల కొడుకులకూ కూడా ఛందస్సు నేర్పి ఉద్యోగ విరమణ పొందిన ఆ తెలుగు పండితుడికి, ఏ పనైనా యతి తప్పని పద్యంలా నడవాలి.

మొక్కు కమలవ్వ కోసమే. ఆమెకు చాలాకాలంగా దమ్ము. నాలుగు మెట్లెక్కితే ఆగాలి, బిందె ఎత్తితే ఆగాలి. మాత్రలు మింగింది, కషాయాలు తాగింది, తగ్గలేదు. అప్పుడు కొండల్ సార్ శాస్త్రయుక్తంగా ఆలోచించాడు. మాట అంటే ఊపిరే కదా. వారానికి ఒక పగలు తాను మాటలలో వ్యయం చేయని ఊపిరిని, వాయుపుత్రుడైన అంజన్న తన ఇల్లాలికి చేరవేయకపోతాడా? రాత కూడా మాటకు తోబుట్టువే కనుక ఆ పగలు కలం ముట్టడమూ నిషిద్ధమే. మొక్కు తీరకముందు బయటపెడితే ఫలం జారిపోతుందని పెద్దల మాట. అందుచేత ఆ మౌనం ఎందుకో, ఎవరికోసమో కమలవ్వకే చెప్పలేదు. శనివారం తెల్లవారుజామున పూజలో గుగ్గిలం ధూపం ఆయనకు ఎప్పటినుంచో అలవాటే; ఇప్పుడు వ్రతానికి బలం చేకూరాలని తలుపులూ కిటికీలూ బిగించి, మనిషికి మనిషి కానరానంతగా వేసేవాడు. కమలవ్వ ఆ గదిలోనే ఒక మూల కూర్చుని, దగ్గుకుంటూనే హారతి కళ్లకద్దుకునేది. ఇది చివరి శనివారం కనుక ధూపం మరికాస్త ఉదారంగా పడింది.

ఈ రహస్యం తెలిసినవాడు ఒక్కడే, బట్టల దుకాణం ఇబ్రాహీం. కొండల్ సార్‌తో కలిసి చదువుకున్నవాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు. ఆనాడు తన కారులో దంపతులను తీసుకువచ్చినవాడూ అతడే. దవాఖానలో మాట్లాడవలసిన భారమంతా అతడిదేనని శుక్రవారం నాడే తీర్మానమైంది.

తీరా ఆ ప్రైవేటు దవాఖాన ముందు కారు నిలపడానికి చోటు దొరకలేదు. ఇబ్రాహీం చోటు వెతుక్కుంటూ ముందుకు పోయాడు. పాత చీటీలూ ఎక్స్‌రేలూ ఉన్న సంచీ కారుతోపాటే పోయింది. డాక్టరమ్మ గది మూడో అంతస్తు. లిఫ్టు మరమ్మతులో ఉంది. కమలవ్వ కింద బెంచీమీద కూలబడి, ముందు నడవమని చేయి ఊపింది. వరుసలో చోటు పోతుందేమోనని కొండల్ సార్ తన వయసును తానే మరిచి, మెట్లన్నీ ఒక్క బిగిన ఎక్కేశాడు.

పైన బల్ల వెనుక నర్సు మమతారాణి కూర్చుని ఉంది. ఆమె తలమీద గోడకు ఒక బోర్డు: మాట పూర్తి చేయలేనంత ఆయాసం ఉన్నవారిని వరుసతో పని లేకుండా లోనికి పంపవలెను. కొండల్ సార్ దానిని చదవలేదు. చదివినా, అచ్చుతప్పుల కోసమే చదివి ఉండేవాడు.

ఎవరికి బాగలేదని ఆమె అడిగింది. ఆయన రొప్పుతూ పెదవులమీద వేలు పెట్టుకుని, తాను మాట్లాడనని తెలియజేశాడు. పేరైనా చెప్పమన్నది. తల అడ్డంగా ఊపాడు. ఇక రోగి తాను కాదు, తన భార్య అని చెప్పాలి. మెడ చుట్టూ వేలితో గీసి, అక్కడినుంచి గుండెమీదికి దించి, పుస్తెలతాడును అభినయించాడు. ఇల్లాలిని సూచించడానికి లోకంలో ఇంతకంటే విస్పష్టమైన ముద్ర లేదని ఆయన నమ్మకం. గొంతు పట్టేసి గుండె దాకా బిగుసుకుపోయిందని మమతారాణికి అర్థమైంది. తన మౌనం దైవకార్యమని చెప్పడానికి ఆయన రెండు చేతులూ పైకెత్తి మొక్కాడు. ఆ దృశ్యం చూశాక ఆమె ఇక కూర్చోలేకపోయింది.

"గట్ల మొక్కకు పెద్దాయనా. దేవుడు తర్వాత, ముందుగాల గాలి పెడుదం," అని చక్రాల కుర్చీ లాక్కొచ్చింది.

తరువాత జరిగినదాన్ని దౌర్జన్యం అనడానికి కూడా కొండల్ సార్‌కు నోరు లేదు. ఆయన కుర్చీలోనుంచి లేవబోయాడు. వార్డుబాయ్‌లు పట్టుకుని కూర్చోబెట్టారు. పెనుగులాడాడు. గాలి అందనివాళ్లు ఇట్లనే కొట్లాడుతరు, గట్టిగ పట్టుకోండ్రని మమతారాణి వాళ్లను హెచ్చరించింది. మంచంమీద పడుకోబెట్టి ముఖానికి మాస్కు బిగించారు. వేలికి తగిలించిన క్లిప్పు, ఈ మనిషి ఊపిరి నిక్షేపంలా ఉందని చూపించింది. క్లిప్పు చెడిపోయిందని ఇంకొకటి తెచ్చారు. అదీ అదే సాక్ష్యం చెప్పింది. చేతులు చల్లబడితే ఇది ఇట్లనే అబద్ధాలు చెప్తదని మమతారాణి దాన్ని కూడా పక్కన పెట్టింది. నిజం చెప్పిన యంత్రానికే విలువ లేనిచోట, మౌనం పాటించే పండితుడికి విలువ ఎక్కడిదని కొండల్ సార్ లోలోపల ఉడికిపోయాడు.

మాస్కులోంచి దమ్ము తగ్గించే మందు ఆవిరిగా వచ్చింది. దమ్ము లేనివాడికి ఆ మందు పడితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. కొండల్ సార్ చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. దానితో గుండెకు కూడా ఏదో అయిందన్న అనుమానం పుట్టింది. చొక్కా విప్పి ఛాతీమీద తీగలు అంటించారు. ఎన్నడూ ఒంటినుంచి వేరుకాని అంజన్న బిళ్లను మెడలోంచి తీసి ప్లాస్టిక్ కవరులో వేశారు. ఆ క్షణంలో ఆయన నాలుక చివరికి వచ్చిన సంస్కృత సమాసం బయటపడి ఉంటే ఆ గది పెంకులు లేచిపోయేవి. పళ్లు బిగించి దాన్ని మింగాడు. పళ్లు కూడా బిగుసుకుపోతున్నాయని మమతారాణి డాక్టరమ్మకు కబురు పెట్టింది.

డాక్టర్ నవనీత, సంచీ పట్టుకున్న ఇబ్రాహీం ఒకేసారి లోపలికి వచ్చారు. స్నేహితుడి అవస్థ చూసి ఇబ్రాహీం గుమ్మంలోనే నిలబడిపోయాడు. డాక్టరమ్మ అతడి వైపు తిరిగింది.

"ఎప్పటి సంది మాట వస్తలేదు ఈయనకు?"

ఇబ్రాహీం ఒట్టును ఒకసారి, అల్లాను ఒకసారి తలుచుకున్నాడు. "శనివారం శనివారం రాదు మేడం."

"మిగిలిన రోజులల్ల?"

"మిగిలిన రోజులల్ల ఆపుడే కష్టం."

"శనివారమే ఎందుకు పోతది?"

"అది నేను చెప్పరాదు. ఫికర్ చెయ్యకుండ్రి, పొద్దుమూకంగనె అదే వస్తది."

వారం చూసుకుని వచ్చి, సూర్యుడితోపాటు దిగిపోయే రోగాన్ని నవనీత ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇది నరాల జబ్బు కావచ్చునని, నరాల డాక్టరును పిలవమని, ఈలోగా తీవ్ర చికిత్స గదిలో మంచం సిద్ధం చేయమని మమతారాణికి చెప్పింది. కొండల్ సార్ ఇబ్రాహీం వైపు చూసిన చూపులో, అంతకాలపు స్నేహానికి కావలసిన తిట్లన్నీ ఉన్నాయి. చెప్పమంటున్నాడో, చెప్పవద్దంటున్నాడో ఇబ్రాహీంకు తెలియలేదు. నిజానికి కొండల్ సార్‌కూ తెలియదు.

అప్పటికి కమలవ్వ గోడ పట్టుకుని మూడో అంతస్తు చేరింది. ఆయన ఇల్లాలని ఇబ్రాహీం చెప్పగా, డాక్టరమ్మ ఆమె భుజంమీద చేయి వేసి, ఈయనకు ఏమైందని అడిగింది. కమలవ్వ మంచం వైపు చూసింది: మాస్కు, తీగలు, వణికే చేతులు.

"ఏం కాలే బిడ్డా," అన్నది. ఆగి ఊపిరి తీసుకున్నది. "అలిగిండు."

నవనీత ఆమెకు కుర్చీ జరిపింది. కమలవ్వ చెప్పుకుపోయింది, చెప్పిన ప్రతి ముక్క తరువాతా ఆగింది. "ఒక శనివారం పొద్దుగాల... పూజల పొగకు దమ్మాడక... కిటికీ తెరిచిన. గింత గుగ్గిలమెందుకు సారూ... జర తక్కువెయ్యరాదా అన్న. గంతే. మల్ల వచ్చిన వారం సంది... శనివారమొస్తే నాతోని మాట బంద్."

ఆమె ఏమి చెబుతున్నదో కాక, ఎక్కడెక్కడ ఆగుతున్నదో డాక్టరమ్మ వింటున్నది. మెల్లగా స్టెతస్కోపు మంచం మీదినుంచి కుర్చీ వైపు మళ్లింది. వీపుమీద ఆనించి చాలాసేపు విన్నది.

"ఇప్పుడు కిటికీ తెరుస్తవా అవ్వా?"

"తెరువ. ఇంకింత అలుగుతడేమోనని... పొగలనే కూసుంట."

"దమ్ము ఎప్పుడెక్కువ?"

"శనివారం రాత్రి. ఐతారమంత పండనియ్యది. బేస్తారం కల్ల... జర నయమైతది."

"ఇంతకుముందు చూసిన డాక్టర్లకు ఇదంత చెప్పలేదా?"

"నన్నెవరడిగిండ్రు బిడ్డా? అన్ని సారే చెప్తుండె."

అది నిజం. ఏ డాక్టరు ముందు కూర్చున్నా, దానికి చెప్పుకోవడం రాదని అడ్డుపడి కొండల్ సారే ఆమె బాధను సలక్షణంగా వర్ణించేవాడు. ఇంట్లో పొగ ఉన్నదా అని అడిగినవారిపై ఆయనకు ఆగ్రహం కూడా వచ్చేది. పొయ్యి గ్యాసుది, తమ వంశంలో బీడీ ముట్టినవాడు పుట్టలేదు. భగవంతుడికి సమర్పించే ధూపాన్ని పొగ అని పిలిచే కుసంస్కారం ఆయనకు లేదు.

ఈ డాక్టరమ్మకు ఉంది. అవ్వ దమ్మును పెంచుతున్నది ఆ పొగేనని ఆమె నిస్సంకోచంగా చెప్పేసింది. కొండల్ సార్ మాస్కు పీకి లేచి కూర్చున్నాడు. గుగ్గిలం సాక్షాత్తు ఔషధమని, యజ్ఞధూమంలో కూర్చున్న ఋషులెవరికీ దమ్ము రాలేదని, వంద వాదాలు పళ్ల వెనుక వరుస కట్టి నిలబడ్డాయి. ఒక్కటి జారినా ఇన్ని శనివారాల మొక్కు గంగపాలే. కిటికీలోంచి చూస్తే బయట ఇంకా మిట్టమధ్యాహ్నపు ఎండే. ఆ వాదాలకంటే వెనుక, అన్నిటికంటే బరువుగా, ఇంకొక మాట ఉంది. తాను అలగలేదు. ఇన్నాళ్లూ ఆమె కోసం నోరు కట్టుకుని కూర్చుంటే, తనమీద కోపమనుకుని ఆమె ఆ పొగలో కూర్చున్నది. ఆ మాట చెప్పడానికి కూడా వీలులేదు.

ఆయన నోరు తెరిచి మళ్లీ మూయడం ఇబ్రాహీం చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"వదినె, ఒట్టు ఒట్టే. గని ఒకటి చెప్త, గది ఒట్టుల లేదు. అలిగినోడు అలిగినట్టు ఇంట్ల పంటడు. ఇయ్యాల ఆఖరి శనివారమని కొండగట్టుకెందుకు పోతడు?"

కమలవ్వ మంచం వైపు తిరిగింది. "నా కోసమా సారూ?"

తల ఊపితే రహస్యం బయటపడినట్టవుతుంది. అడ్డంగా ఊపితే అబద్ధమవుతుంది. కొండల్ సార్ గోడ వైపు చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ గోడ చూపుకు అర్థం ఆమెకు బాగా తెలుసు. కొంగుతో కళ్లు తుడుచుకున్నది. "చెప్పకు, చెప్పకు," అన్నది. "శనివారాలన్ని ఉత్తగనే ఏడిస్తి గదా."

డాక్టరమ్మ చెప్పగా మమతారాణి కొత్త మాస్కు తెచ్చి కమలవ్వకు పెట్టింది. మందు ఆవిరి లోపలికి పోయాక ఆమె వీపు నిటారుగా లేచింది. మధ్యలో ఆగకుండా ఒక వాక్యం, దాని వెనుకే ఇంకొకటి, ఆ తరువాత లెక్కలేనన్ని మాట్లాడింది. పీల్చుకునే మందు ఎట్లా వాడాలో నవనీత నేర్పింది. ఇంట్లో దీపం పెట్టుకోవచ్చునని, పొగ మాత్రం ఇక కూడదని, నెల తరువాత మళ్లీ చూపించుకోవాలని చెప్పింది. తీగలు ఊడదీస్తుంటే ముఖం చిట్లించుకున్న కొండల్ సార్ వైపు చివరగా తిరిగింది.

"మీరు కూడ రండి సార్. ఇట్లనే రండి."

కొండగట్టు చేరేసరికి పొద్దు గుట్టల వెనక్కి జారుతున్నది. దారి పొడుగునా కమలవ్వే మాట్లాడింది. ఇబ్రాహీం ఊ కొట్టాడు. సూర్యుడు మునిగాక కొండల్ సార్ అంజన్న ఎదుట నిలబడ్డాడు. ఈ ఘడియ కోసమే ఇన్ని వారాలుగా మనసులో కట్టుకున్న కృతజ్ఞతా పద్యం ఒకటి ఆయన దగ్గర ఉంది. దానిని పక్కన పెట్టి, దవాఖానలో తనకు జరిగిన అవమానాలన్నిటినీ స్వామికి సవివరంగా విన్నవించాడు. పక్కన కమలవ్వ, ఎక్కడా ఆగకుండా, దండకం మొదలునుంచి చివరిదాకా పాడుతున్నది. తాను మాట్లాడని మాటలు ఆమెకు ఊపిరి కావాలని మొక్కుకున్నాడు. అక్షరాలా అట్లాగే అయింది. మొక్కు తీరలేదని ఆయన అనలేదు. తీర్చిన పద్ధతిమీద మాత్రం స్వామితో తనకు అభిప్రాయభేదం ఉందన్నాడు.