ఇంటర్వ్యూకి బయలుదేరిన బొమ్మ

ఇళ్ళ టీచరమ్మ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళకు బస్సెక్కాలి, వేళకు దిగాలి, సంస్థ పెద్దాఫీసులో పది గంటల ఇంటర్వ్యూకి కాస్త ముందే వెళ్ళి ఊపిరి పీల్చుకోవాలి. అంతే. ఇంత చిన్న పథకానికి కూడా దేవుడు అడ్డం పడతాడని ఎవరనుకుంటారు?

ఇళ్ళ టీచరమ్మ అన్నది వీధుల్లోని తల్లులు పెట్టిన పేరు. ఆమెకు బడి లేదు, బల్ల లేదు, బెత్తం అసలే లేదు. దేశమంతటా శాఖలున్న ఓ సంస్థ తరఫున పేదల ఇళ్ళకు వెళ్ళి, తల్లుల పక్కన నేలమీద కూర్చుని, పసివాళ్ళకు నీళ్ళెలా పొయ్యాలో, జ్వరమొస్తే ఏమేం చూడాలో, ఇంకా మాటలు రాని పిల్లలతో ఏం మాట్లాడాలో నేర్పడం ఆమె పని. ఏళ్ళ తరబడి తాత్కాలిక ఉద్యోగమే. ఈ ఏడు ఆ తాత్కాలికాలన్నీ తీసేసి, ఒక్కటంటే ఒక్క పర్మనెంటు పోస్టు ఉంచారు. అది వస్తే ఆ వీధులూ ఆ పిల్లలూ ఆమెకు మిగులుతారు. రాకపోతే పొద్దున లేచి వెళ్ళడానికి చోటుండదు. ఇంట్లో కూర్చుందామంటే, ఆ ఇంట్లో కూర్చోవడం ఆమె వల్ల కాదు.

"భయమెందుకు? ఆ పాఠం నీకు నిద్రలో లేపి అడిగినా వచ్చు," అన్నాడు భర్త గుమ్మంలో.

"నిద్రపోతే కదండీ లేపడానికి," అంది.

ఇంటర్వ్యూలో పసిబిడ్డకు నీళ్ళు పోసే పాఠం చేసి చూపించాలి కనుక సంస్థ కేంద్రంలోని బొమ్మను వెంట తీసుకెళ్ళాలి. అది ఆషామాషీ బొమ్మ కాదు. నిజం బిడ్డంత బరువు, మెత్తటి రబ్బరు బుగ్గలు, పడుకోబెడితే మూసుకునే రెప్పలు. వీపున మీట నొక్కితే ఏడుస్తుంది కూడా. దాన్ని మొయ్యడానికి సంస్థలో ఓ నియమం ఉంది. మెడ కింద చెయ్యి పెట్టి, ఎక్కడైనా సరే, అచ్చం బిడ్డను మోసినట్టే మొయ్యాలి. కాలు పట్టుకుని వేలాడదీస్తే చూసిన తల్లికి పాఠం మీద నమ్మకం పోతుందట. ఇళ్ళ టీచరమ్మ ఈ నియమం ఏనాడూ తప్పలేదు. దుప్పట్లో చెవులదాకా చుట్టి, గుండెకు ఆనించుకుని బస్సెక్కింది.

బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఓ పెద్దమనిషి లేచి, "పసిగుడ్డుతో నిలబడ్డావేంటమ్మా, కూర్చో," అన్నాడు. ఇది బొమ్మండీ అని చెప్పాల్సింది అప్పుడే. కానీ రాత్రంతా పాఠం వల్లెవేసిన మనిషి, కాళ్ళు లాగేస్తున్నాయి. కూర్చుంది. ఆ కూర్చోవడమే కొంప ముంచింది.

కిటికీ పక్కన ఓ అవ్వ ఉంది. నోరు మూసుకుని రెండు స్టాపులు దాటలేని రకం.

"మగా, ఆడా?"

"ఆడపిల్ల అవ్వా."

"ఎన్నో నెల?"

"మూడు నిండాయి."

"నవ్వుతోందా?"

"నన్ను చూస్తే నవ్వుతుంది. వాళ్ళ నాన్నను చూస్తే మాత్రం, ఈయనెవరా అని ఆలోచిస్తుంది."

అవ్వ పకపకా నవ్వింది. చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. కాకపోతే అది బొమ్మ గురించి కాదు. రెండేళ్ళ కిందట ఇళ్ళ టీచరమ్మకు అలాంటి కూతురే ఉండేది. జ్వరం వచ్చింది. ఊరందరికీ జ్వరం పాఠం చెప్పే మనిషి తన బిడ్డను దక్కించుకోలేకపోయింది. ఆ తరవాత "మర్చిపోవే" అన్నవాళ్ళే తప్ప "ఎలా ఉండేదే" అని అడిగినవాళ్ళు లేరు. భర్త ఉయ్యాల విప్పి అటకెక్కించి, ఇక ఆ మాటే ఎత్తలేదు. ఎత్తితే ఆమె ఏడుస్తుందని ఆయన భయం. ఆయన ఎత్తడేం అని ఆమె ఏడుపు.

"ఏదీ, నన్ను చూసి నవ్వుతుందేమో చూద్దాం," అని అవ్వ బుగ్గమీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. "అమ్మో అమ్మో! బిడ్డ చల్లబడిపోయిందర్రా! ఉలుకూ లేదు, పలుకూ లేదు!"

"అవ్వా, అది... అది బొమ్మవ్వా," అంది ఇళ్ళ టీచరమ్మ. అప్పటికే కూతురు గుర్తొచ్చి కళ్ళనిండా నీళ్ళున్నాయి. అలా ఏడుస్తూ చెబితే ఎవరు నమ్ముతారు?

"పాపం, మతి పోయింది తల్లికి," అని వెనకసీట్లో ఎవరో గొల్లుమన్నారు.

"అన్నా, ఆసుపత్రికి తిప్పు!" అని కండక్టరు కేక పెట్టాడు. డ్రైవరు దారి వదిలి తిప్పేశాడు. నా స్టాపు పోయిందని ఒక్కరూ అనలేదు. దుప్పటి కాస్త తొలగించి చూస్తే అక్కడితో తేలిపోయేది. ఆ ధైర్యం బస్సు మొత్తంలో ఒక్కరికి లేకపోయింది. బిడ్డను అందుకున్న కండక్టరైతే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "చూడటం నా వల్ల కాదు. ఇంట్లో నాకూ ఇంతది ఉంది," అన్నాడు.

బస్సు ఆగీ ఆగకముందే దూకి, బిడ్డను రొమ్ముకు అదుముకుని ఆసుపత్రి వరండాలో పరుగందుకున్నాడు. ఆ అదుముడికి వీపున మీట నొక్కుకుంది. క్యార్‌మంది.

"బతికింది! ఏడిచింది! బతికింది!"

ఇక చూడాలి ఆ సంబరం. డ్రైవరు స్తంభానికి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. ఇళ్ళ టీచరమ్మ ఆ మీటను లెక్కలేనన్నిసార్లు నొక్కిన మనిషి. అయినా ఆ ఏడుపు వినగానే ఒక్క క్షణం ఆమె కూడా నమ్మింది. చేతులు చాచి పరిగెత్తింది.

డాక్టరమ్మ దుప్పటి విప్పింది. తిప్పి చూసింది. మీట ఆపింది.

"దీనికి మందులు అక్కర్లేదు. బ్యాటరీలు మార్చండి," అంది.

మనస్ఫూర్తిగా ఏడ్చినవాళ్ళకు ఆ ఏడుపు వృథా అని తెలిస్తే వచ్చే కోపం అంతా ఇంతా కాదు.

"నన్ను ఉత్తపుణ్యానికి ఏడిపించావు కదమ్మా!" అని కండక్టరు చిందులు తొక్కాడు.

"దారి తప్పించినందుకు నా ఉద్యోగానికి ఎవరు పూచీ?" అన్నాడు డ్రైవరు.

"మూడు నెలల పిల్ల, నవ్వుతుందని చెప్పింది నాతో! ఆ బిడ్డను ఏం చేసిందో అడగండి!" అంది అవ్వ.

దాంతో గోరుచుట్టు మీద రోకటిపోటైంది. బిడ్డ సంగతి తేలేదాకా కదలనివ్వనని ఆసుపత్రి కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. కేంద్రానికి ఫోన్లు వెళ్ళి, అది బొమ్మే, ఈమె టీచరే అని తేలేసరికి పది ఎప్పుడో దాటింది. కాపలాదారు వదిలాడు గాని అవ్వ వదల్లేదు. పెద్దాఫీసుదాకా వెంటపడి వచ్చింది.

ఇంటర్వ్యూ గది ముందు, వేళకు వచ్చిన ఓ అమ్మాయి తన ఇంటర్వ్యూ ముగించుకుని బొమ్మను సర్దుకుంటోంది. లోపల ముగ్గురు అధికారులు. మధ్యలో ఉన్న పెద్దావిడ అప్పటికే ఫోనులో అంతా విని ఉంది. చెమటలు కారుతూ నిలబడ్డ మనిషిని చూసి జాలిపడి రానిచ్చింది. అవ్వ తలుపు పట్టుకుని నిలబడింది.

"బొమ్మ అని మొదటే చెబితే ఇదంతా ఉండేది కాదుగా? ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది పెద్దావిడ.

ఇళ్ళ టీచరమ్మ తల వంచుకుంది. "మొదట సీటు కోసమే మేడమ్. తరవాత... ఆ అవ్వ నా కూతురి గురించి అడుగుతున్నట్టే అనిపించింది. అది పోయాక దాని గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు మేడమ్. చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు."

ఆ మాట అన్నాక తనే వెళ్ళి తొట్టిలో నీళ్ళు సరిచూసుకుని పాఠం మొదలుపెట్టింది. మోచేత్తో వేడి చూసింది. మెడ కింద చెయ్యి వేసి బొమ్మను దించింది. "ఏంటమ్మా, వెచ్చగా ఉందా? అయిపోయింది, అయిపోయింది," అని మాట్లాడుతూనే తల తడిపింది. పాఠం పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేసింది. ఎడమవైపు అధికారి కిటికీవైపు తిరిగిపోయాడు. పెద్దావిడ ముక్కు చీదుకుని, "మన సంస్థ ఉన్నదే ఇలాంటివాళ్ళ కోసం," అంది.

బయట బెంచీమీద అవ్వ ఆమె పక్కన చేరి కొంగుతో మొహం తుడిచింది.

"తెలియక అన్నానే తల్లీ. నవ్వితే సొట్ట పడేదా?"

"ఒక్క బుగ్గనే అవ్వా."

"జుట్టో?"

"పుట్టినప్పుడే ఇంత ఒత్తు. మా ఆయనకేమో పలచన. నా పోలికే అని ఆయనకు కుళ్ళు," అని ఇళ్ళ టీచరమ్మ నవ్వబోయి ఏడ్చింది. అవ్వ అడుగుతూనే ఉంది. ఆమె చెబుతూనే ఉంది. కూతురి మాట అంతసేపు మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"దిగులుపడకు. ముగ్గురికి ముగ్గురూ ఏడవడం కళ్ళారా చూశాను. ఉద్యోగం నీదేనే," అంది అవ్వ. ఆ మాటకు ఇళ్ళ టీచరమ్మకు నిజంగానే ఆశ పుట్టింది.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. ముగ్గురు అధికారులూ మరోసారి కళ్ళు తుడుచుకుని, ఉద్యోగాన్ని వేళకు వచ్చిన అమ్మాయికి ఇచ్చారు.