వినే గది

దేవుడు అందరి మొరా వింటాడు సరే, విని విని అలసిపోతే ఆయన ఎవరితో చెప్పుకుంటాడు? కేసు వర్కరమ్మకు ఏళ్ళుగా ఇదో సందేహం. ఇల్లూ దిక్కూ లేనివాళ్ళ గోడు వినడం ఆమె ఉద్యోగం. దేవుడి సంగతేమో గానీ, ఆమె సంగతి మాత్రం సంక్షేమ మంత్రిగారు ఒక్క ప్రకటనతో తేల్చేశారు.

"ఇకనుంచి ప్రతి కేసు వర్కరుకూ తన గోడు చెప్పుకోడానికి వారానికో గంట! ఎదురుగా ఆఫీసరొక్కడే. తిట్టడు, తప్పులు వెదకడు. అండగా ఉంటాడు!"

మర్నాటికల్లా స్టోర్ రూములోకి మెత్తటి సోఫా, టిష్యూ డబ్బా వచ్చాయి. తలుపు మీద 'వినే గది' అని బోర్డు వెలిసింది. మొదటి గంట ఆమెదే.

"సార్, వంతెన పక్క గదిలో తాతని వచ్చే శుక్రవారం ఖాళీ చేయిస్తున్నారు. ఆశ్రయ గృహంలో మంచం ఉంది. మీరు సంతకం పెడితే చాలు."

ఆఫీసరు శిక్షణలో నేర్పినట్టే కళ్ళు సగం మూసి తల పంకించాడు. "మంచం కావాలని మీకు అనిపిస్తోంది."

"అనిపించడమేంటి సార్, కావాలి."

"గట్టిగా అనిపిస్తోంది." టిష్యూ డబ్బా ముందుకు జరిపాడు. "ఏడవండమ్మా, పర్లేదు. ఉత్తర్వులో ఉంది."

"ఏడుపు రావట్లేదు సార్. సంతకం..."

"సంతకం పెడితే నిర్ణయమైపోతుంది. ఈ గదిలో నేను అండ మాత్రమే."

"పోనీ వరండాలోకొచ్చి పెట్టండి."

"తీరికేదమ్మా? ఇక రోజంతా అండగానే ఉండాలి!" ఆయనే ఒక టిష్యూ లాగి కళ్ళొత్తుకున్నాడు. పైవాళ్ళు తనని పురుగులా చూస్తారట. ఇంట్లో ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండా ఊకొడుతుందట. అలవాటు ఊరుకుంటుందా? "నిద్ర పడుతోందా సార్?" అని ఆమె అడిగేసింది. గంట గడిచేసరికి డబ్బా ఖాళీ అయింది.

తనిఖీకొచ్చిన మంత్రిగారు ఆ తడి టిష్యూల గుట్ట చూసి పరవశించారు. "ఇంత అండా!" అని ఆఫీసరుకు అక్కడే శాలువా కప్పారు.

శుక్రవారం తాత మూటతో సహా రోడ్డున పడ్డాడు. ఆమె ఆయన్ని తిన్నగా తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. "ఈ వారం నా గంట ఇదే సార్. నా బదులు ఈయన. కాదని ఈయన మొహం మీదే చెప్పండి."

తాతకు చెవులు వినపడవు. ఎదుటివాడి పెదాలు ఆగినప్పుడల్లా మర్యాదగా తలూపుతాడు. ఆఫీసరు అండగా ఉందామనే మొదలుపెట్టాడు. గంట దాటినా లేవలేదు.

"ఇన్నాళ్ళకి నన్ను అర్థం చేసుకునే మనిషి దొరికాడమ్మా!" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

కబురందుకుని మంత్రిగారు వచ్చి తలుపేసుకున్నారు. అధిష్ఠానం తన ఫోనెత్తడం లేదన్న బాధంతా దించుకుని, తేలికపడి బయటికొచ్చి ఉత్తర్వు ఇచ్చారు: తాత శాఖకు గౌరవ ముఖ్య శ్రోత. నివాసం ఆ గదే, పడక ఆ సోఫాయే. ఆశ్రయ గృహంలో మంచం మాత్రం సంతకం కోసం ఖాళీగా ఎదురుచూస్తోంది.

ఆ సాయంత్రమే, శాఖ తాతకు ఏళ్ళ తరబడి బాకీపడిన చెవి మిషను వచ్చింది. ఆమే స్వయంగా తొడిగింది.

"వినపడుతోందా తాతా?"

"నీ గొంతు ఇంత బావుంటుందా తల్లీ!" తాత కళ్ళు చెమర్చాయి.

ఇంతలో మంత్రిగారు మళ్ళీ వచ్చి, కుర్చీ లాక్కుని, పథకం విజయాలు చెప్పసాగారు. తాత కాసేపు శ్రద్ధగా విన్నాడు. తర్వాత మిషను మెల్లిగా ఊడదీసి, ఆమె చేతిలో పెట్టి, తలూపడం మొదలుపెట్టాడు.